కవి ఇచ్చిన సందేశం ఏమిటి? పుదుచ్చేరి కోయిల చెప్పని జవాబు

‘ఈ పద్యం ద్వారా కవి ఇచ్చిన సందేశం ఏమిటి?’

తెలుగు పరీక్ష రాసినవాళ్లలో ఈ ప్రశ్న ఎదురుకానివాళ్లు ఉండరేమో. జవాబు కోసం పద్యం దాకా వెళ్లాల్సిన పని కూడా లేదు. గైడులో ఉంటుంది. లేకపోతే టీచరు బోర్డు మీద రాసిస్తారు. ‘తల్లిదండ్రులను గౌరవించాలి’, ‘దేశాన్ని ప్రేమించాలి’, ‘మూఢాచారాలను విడనాడాలి’ లాంటి ఒక వాక్యాన్ని గుర్తుపెట్టుకుంటే మార్కులు వస్తాయి.

కానీ కవే ఎదురు తిరిగి, ‘నా కావ్యానికి అర్థం ఏమైనా ఉంటే మీరే చెప్పండి’ అంటే?

వందేళ్ల క్రితం పుదుచ్చేరిలో ఓ కవి సరిగ్గా ఆ పనే చేశారు. ఆయన పేరు సుబ్రహ్మణ్య భారతి. ఆ కావ్యం ‘కుయిల్ పాట్టు’, అంటే కోయిల పాట.

పుదుచ్చేరి మామిడితోటలో ఏం జరిగింది?

బ్రిటిష్ ప్రభుత్వం అరెస్టు చేసే ప్రమాదం ఉండటంతో 1908లో భారతి మద్రాసు వదిలి పుదుచ్చేరి చేరుకున్నారు. అప్పట్లో అది ఫ్రెంచి పాలనలో ఉంది. బ్రిటిష్ పోలీసులకు అక్కడ అధికారం లేదు. 1918 నవంబరు వరకు, అంటే పదేళ్లు ఆయన అక్కడే గడిపారు. ‘పాంచాలి శపథం’, ‘కణ్ణన్ పాట్టు’ లాంటి ఆయన ప్రసిద్ధ రచనలు ఈ కాలానివే. ఈశ్వరన్ ధర్మరాజా కోయిల్ వీధిలో ఆయన నివసించిన ఇల్లు ఇప్పుడు స్మారక భవనం.

‘కుయిల్ పాట్టు’ కూడా ఆ ప్రవాసంలో రాసిందే. ఏడు వందలకు పైగా పాదాలున్న ఈ కావ్యంలో కథ జరిగే చోటు ఊరికి పడమర, కాస్త దూరంలో ఉన్న ఓ మామిడితోట.

కథ క్లుప్తంగా ఇది. తోటలో ఓ కోయిల పాడుతుంటుంది. కథ చెప్పే కవి ఆ పాటకు మైమరచిపోతాడు. కోయిలకూ అతనికీ మధ్య ప్రేమ చిగురిస్తుంది. నాలుగో రోజు మళ్లీ రమ్మంటుంది కోయిల. అతను ఆగలేక మర్నాడే వెళతాడు. చూస్తే, కోయిల ఓ కోతితో ప్రేమగా మాట్లాడుతుంటుంది. కోతి అందాన్నీ, గెంతులనూ, చివరికి తోకను కూడా పొగుడుతుంటుంది. కవి ఒళ్లుమండి కత్తి విసురుతాడు. కోతి తప్పించుకుంటుంది. మూడో రోజు వెళితే అవే కబుర్లు ఓ ముసలి ఎద్దుతో.

నాలుగో రోజు కోయిల తన పూర్వజన్మ కథ చెబుతుంది. అప్పుడు తానొక వేటగాళ్ల నాయకుడి కూతురు. ఆమెను ప్రేమించిన చేర రాకుమారుడే ఇప్పటి ఈ కవి. నాడు ఆమెపై ఆశపడ్డ ఇద్దరూ రాకుమారుడిపై దాడి చేశారు. ఆ పోరులో వాళ్లిద్దరూ చనిపోయారు, అతనూ ప్రాణాలు విడిచాడు. కోతి, ఎద్దుల వెనుక ఉన్నది వాళ్లే. ఇది విన్న కవి కోయిలను ముద్దాడగానే అది అందమైన యువతిగా మారుతుంది. మరుక్షణం అంతా మాయం. చూసుకుంటే అతను తన ఇంట్లోనే ఉన్నాడు. చుట్టూ పాత తాళపత్రాలు, కలం, కాగితాలు, చాప. అదంతా సాయంవేళ కన్న పగటి కల.

ఆఖర్న భారతి పండితులను ఉద్దేశించి ఒక మాట అంటారు. ఇది కల్పనే అయినా, వేదాంతంగా విడమరిచి చెప్పడానికి ఇందులో కాస్తయినా చోటుంటే చెప్పండని కోరతారు. కావ్యం అక్కడితో ముగుస్తుంది.

అయితే దీని సందేశం ఏమిటి?

‘నిజమైన ప్రేమకు చావు లేదు’ అని ఒక విద్యార్థి రాయొచ్చు. పూర్వజన్మ కథ అందుకు ఆధారం. ‘జీవుడు మాయలో చిక్కుకుని, చివరికి మేలుకుంటాడు’ అని మరొకరు రాయొచ్చు. కల చెదిరిపోవడం అందుకు ఆధారం. ‘ఇది కవితా శక్తి గురించిన కావ్యం. చాప మీద కూర్చున్న కవి ఊహ ఒక లోకాన్నే సృష్టించింది’ అని ఇంకొకరు అనొచ్చు. తాళపత్రాలు, కలం, కాగితాలు అందుకు సాక్ష్యం.

మూడింటికీ కావ్యంలో ఆధారాలున్నాయి. కానీ మూడూ సమానంగా నిలబడవు. ప్రేమ గొప్పదని మాత్రమే రాస్తే, కోతి తోకను పొగిడే ఆ నవ్వులాట ఎందుకుందో చెప్పలేం. వేదాంతం అని తేల్చేస్తే, ‘కాస్తయినా చోటుంటే’ అన్న కవి మాటలోని కొంటెతనం మన చేతుల్లోంచి జారిపోతుంది. కావ్యంలో ఎక్కువ భాగాన్ని కలుపుకొని వివరించగలిగేదే బలమైన అర్థం.

అసలు కీలకం ఇక్కడుంది. సందేశం అనేది కవి పద్యంలో దాచిపెట్టి, విద్యార్థి తవ్వి తీయాల్సిన వస్తువు కాదు. పద్యం చదివిన మనిషి చేసే వాదన అది. వాదన అన్నాక ఆధారం చూపించాలి.

కథ, వస్తువు, సందేశం ఒకటేనా?

తరగతి గదిలో ఈ మూడింటినీ తరచూ కలగలిపేస్తుంటారు. విడదీస్తే సగం గందరగోళం తీరిపోతుంది.

కథ లేదా విషయం అంటే పద్యంలో ఏం జరిగిందో అది. వస్తువు అంటే ఆ పద్యం దేని గురించి ఆలోచిస్తోందో అది. సందేశం అంటే ఆ ఆలోచన నుంచి చదివేవారు ఏ నిర్ణయానికి వచ్చారో అది.

మనకు ఈ మూడూ ఒకటే అనిపించడానికి ఒక కారణం ఉంది. చిన్నప్పుడు మనం మొదట నేర్చుకునేవి శతక పద్యాలు. వేమన ఆటవెలదుల్లో చాలావాటికి ఒక పద్ధతి ఉంటుంది. మొదటి రెండు పాదాల్లో లోకంలో కనిపించే ఓ పోలిక, మూడో పాదంలో దాన్నుంచి తేలిన నీతి, నాలుగోది మకుటం. అంటే నీతిని పద్యమే నోరు తెరిచి చెబుతుంది. అక్కడ ‘సందేశం ఏమిటి?’ అని అడగడం న్యాయమే.

చిక్కల్లా ఆ అలవాటుతోనే ప్రతి కవితనూ చదవడం దగ్గర వస్తుంది. మూడో పాదంలో నీతి చెప్పని కవిత ఎదురైతే, మనమే ఒక నీతిని తెచ్చి దానికి తగిలిస్తాం.

పూర్ణమ్మ ఏమైంది?

గురజాడ అప్పారావు ‘పూర్ణమ్మ’ కథాగేయాన్నే చూద్దాం. పూజారి ఇంటి ఆడపిల్లను డబ్బు తీసుకుని ఓ ముసలివాడికి ఇచ్చి పెళ్లి చేస్తారు. కాపురానికి తీసుకెళ్లే సమయం వస్తుంది. ఆమె అన్నదమ్ములతో తనను తలుచుకోమని చెబుతుంది. దుర్గ గుడికి వెళుతుంది. తిరిగి రాదు. ఆమె దుర్గలో కలిసిందంటాడు కవి.

‘కన్యాశుల్కం దురాచారం, దాన్ని నిర్మూలించాలి’ అన్నది మామూలుగా రాసే సందేశం. తప్పేమీ కాదు. కానీ ఆ వాక్యం రాయడానికి కవిత చదవనక్కర్లేదు. అది వ్యాసం కూడా చెప్పగలదు.

కవిత మాత్రమే చేసిన పని ఏమిటో అడిగి చూడండి. ఒక పిల్ల చనిపోయిందన్న మాటను గురజాడ సూటిగా ఎందుకు అనలేదు? ఆ పిల్ల అన్నదమ్ములను పన్నెత్తు మాట అనకుండా, తనను గుర్తుంచుకోమని మాత్రమే ఎందుకు అడిగింది? దేవిలో కలిసిందన్న మాట ఆ ఇంటివాళ్లకు ఓదార్పా, లేక వాళ్లు కప్పిపుచ్చుకునే అబద్ధమా? ఈ ప్రశ్నల దగ్గర ఆగిన విద్యార్థికి కడుపులో మెలిపెట్టినట్టవుతుంది. గేయం చేయాలనుకున్న పని అదే. నిందించని ఆ పిల్ల మంచితనమే చదివేవారిని నిలదీస్తుంది.

చరిత్ర ఎంతవరకు సాయపడుతుంది?

గురజాడ ‘కన్యాశుల్కం’ నాటకం తొలి ముద్రణ 1897లో వచ్చింది. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్క వివాహాల జాబితా ఒకదాన్ని విజయనగరం మహారాజు తయారు చేయించారని దాని ఇంగ్లిష్ పీఠికలో ఉంది. నమోదైనవి 1034. అందులో 99 మంది ఆడపిల్లల వయసు అయిదేళ్లు. మూడేళ్లు, రెండేళ్లు, ఏడాది వయసు పిల్లలు కూడా ఆ జాబితాలో ఉన్నారు.

ఈ అంకెలు తెలిశాక ‘పూర్ణమ్మ’ చదివితే ఆమె ఒంటరి కాదని అర్థమవుతుంది. సందర్భం తెలుసుకోవడం వల్ల కలిగే మేలు ఇది.

కానీ సందర్భం దీపం లాంటిది. దారి చూపిస్తుంది, నడక మాత్రం మనదే. భారతి స్వాతంత్ర్య పోరాట కవి కాబట్టి ‘కుయిల్ పాట్టు’లో కోయిల భరతమాత అనీ, కోతి, ఎద్దు ఆంగ్లేయులనీ రాసేస్తే కుదరదు. కవి జీవితం తెలుసన్న ధీమాతో కావ్యంలో లేనిదాన్ని చొప్పించడం అవుతుంది. ఆయన జీవితం మనకు ప్రశ్నలు ఇవ్వగలదు. జవాబు కావ్యంలోనే దొరకాలి.

ఆధారం చూపించాలన్న నియమం ఎవరిది?

ఇది మనకు కొత్తదేమీ కాదు. కాళిదాసు కావ్యాలకు దేశమంతా చదివే వ్యాఖ్యలు రాసిన మల్లినాథ సూరి తెలుగు నేలవారు. నేటి మెదక్ ప్రాంతంలోని కొలచలం ఆయన ఇంటిపేరుగా నిలిచింది. మూలంలో ఆధారం లేనిదాన్ని రాయననీ, అవసరం లేనిదాన్ని చెప్పననీ ఆయన తనకు తాను నియమం పెట్టుకున్నారు. ‘సందేశం’ ప్రశ్నకు జవాబు రాసే విద్యార్థికి ఇంతకంటే మంచి సూత్రం దొరకదు.

పుదుచ్చేరిలో ఇదే సూత్రం మరో దారిలో వచ్చింది. ఇక్కడి ఫ్రెంచి లిసే 1826లో మొదలైంది. ఫ్రెంచి బడుల్లో కవితను ‘ఎక్స్‌ప్లికాసియోఁ ద తెక్స్త్’ అనే పద్ధతిలో బోధిస్తారు. కవితను దాని కాలంలో నిలబెట్టడం, అది ఎక్కడ మలుపు తిరిగిందో గుర్తించడం, ఒక్కో మాట ఏం పని చేస్తోందో చెప్పడం ఇందులో భాగం. కవితలో ఉన్నదాన్నే సొంత మాటల్లో తిరగరాస్తే అది జవాబు కిందకు రాదు.

మన ప్రతిపదార్థం, తాత్పర్యం పద్ధతి కూడా మాట మాటనూ పట్టించుకునేదే. తాత్పర్యాన్ని సొంతంగా రాబట్టడం మానేసి బట్టీ పట్టడం మొదలుపెట్టాకే అది పాడైంది.

ఇప్పుడే ఎందుకు ఈ చర్చ?

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో గోదావరి ఒడ్డున ఉన్న యానాం తెలుగు ప్రాంతం. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి చిన్నతనంలో చదువుకున్నది ఇక్కడే. యానాం బడులు చాలాకాలం ఆంధ్రప్రదేశ్ పాఠ్యప్రణాళికను అనుసరించాయి. పుదుచ్చేరి, కారైకాల్ తమిళనాడు బాటలో, మాహే కేరళ బాటలో నడిచాయి. 2023-24 నుంచి ఈ ప్రాంతాల ప్రభుత్వ ఉన్నత పాఠశాలలు సీబీఎస్ఈకి మారాయి.

మార్పు అంటే పుస్తకం మారడం ఒక్కటే కాదు. తరగతిలో ఎప్పుడూ చూడని పద్యాన్నో, గద్యాన్నో ఇచ్చి ప్రశ్నలు అడగడం ఈ పరీక్షల్లో మామూలు. అక్కడ గైడు పనికిరాదు. ఇరవై పద్యాల సందేశాలు బట్టీపట్టిన పిల్లకు ఇరవై ఒకటో పద్యం ఎదురైతే చేతిలో ఏమీ ఉండదు. ఒక్క పద్యాన్నయినా తనంతట తాను చదివిన పిల్లకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

మార్కులను మించిన నష్టం ఇంకోటుంది. ముందే తయారైన సందేశాన్ని ఒప్పుకోవడమే చదువు అనుకునే పిల్లలు, రేపు వార్తనైనా, రాజకీయ నాయకుడి ప్రసంగాన్నైనా, ఫోన్‌లో వచ్చిన ఫార్వర్డ్‌నైనా అలాగే ఒప్పుకుంటారు. ‘ఇందులో ఎక్కడుంది?’ అని అడగడం వాళ్లకు నేర్పిందెవరు?

ఇంట్లో ఏం చేయొచ్చు?

పిల్లలు పద్యం చదువుతున్నప్పుడు పెద్దలు నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు.

ఇందులో ఎవరు, ఎవరితో మాట్లాడుతున్నారు? మాట్లాడేది కవేనా, కవి కల్పించిన పాత్రా?

మొదటికీ చివరికీ మధ్య ఏం మారింది?

ఏ మాట లేదా ఏ పోలిక నిన్ను ఆపింది? దాని బదులు మామూలు మాట పెడితే ఏం పోతుంది?

కవి చెప్పకుండా వదిలేసింది ఏమిటి?

ఈ నాలుగింటికీ జవాబు దొరికాకే ‘సందేశం’ దగ్గరకు రావాలి. అప్పుడు కూడా ‘ఈ పద్యం నుంచి నాకు అర్థమైంది ఇది, ఎందుకంటే ఫలానా చోట కవి ఇలా అన్నాడు’ అని చెప్పించాలి. ‘ఎందుకంటే’ తర్వాత వచ్చే మాటే అసలైన జవాబు. ఇద్దరు పిల్లలు రెండు వేర్వేరు జవాబులు చెప్పినా కంగారుపడక్కర్లేదు. ఎవరి ఆధారం గట్టిదో వాళ్లనే తేల్చుకోనివ్వాలి.

భారతి 1921లో కన్నుమూశారు. ‘కుయిల్ పాట్టు’ ఆ తర్వాతే పుస్తకంగా వచ్చింది. ఆయన అడిగిన ప్రశ్నకు పండితులు అప్పట్నుంచీ రకరకాల జవాబులు చెబుతూనే ఉన్నారు. ఫలానాది సరైందని తేల్చడానికి ఆయన లేరు. ఉండి ఉన్నా తేల్చేవారు కాదేమో. ఆయన ప్రశ్న వేసింది పండితులకే కావచ్చు. పదో తరగతి పిల్లలు కూడా దానికి జవాబు చెప్పొచ్చు, ‘ఎందుకంటే’ అన్న మాట మరిచిపోనంత వరకు.