ఒకే కాలువ మీద పుట్టిన మాట

పిల్లలూ! కబడ్డీ ఆటలో మీకు ఎదురుగా నిలిచే జట్టును ఇంగ్లీషులో ఏమంటారు? 'రైవల్' అంటారు. అంటే ప్రత్యర్థి అన్నమాట. ఈ మాట ఎక్కడ పుట్టిందో తెలుసా? ఆటస్థలంలో కాదు, యుద్ధభూమిలోనూ కాదు. కాలువ గట్టున!

అదెలాగో తెలియాలంటే ఒకసారి మడకశిర వైపు చూద్దాం. నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న ఈ ఊరు 2022 వరకు అనంతపురం జిల్లాలోనిది. ఆ జిల్లాలో ఏడాదికి కురిసే వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లే. అందుకే పెద్దలు వాననీటిని చెరువుల్లో నిలవచేశారు. తూము ఎత్తితే నీరు కాలువలో పారుతుంది. ఒక్క కాలువ మీద ఎన్నో మళ్ళు! పైమడి రైతు తన మడవ మూయకపోతే కిందిమడి ఎండిపోతుంది. మరి తగవు రాకుండా ఉంటుందా?

ప్రాచీన రోము రాజ్యంలోనూ ఇదే చిక్కు. అక్కడి లాటిన్ భాషలో 'రీవుస్' అంటే వాగు, కాలువ. ఒకే కాలువ నీరు వాడుకొనేవాడు 'రివాలిస్'. క్రీ.శ. 533లో జస్టీనియన్ చక్రవర్తి అమలుపరచిన న్యాయసంగ్రహంలో ఇలాంటివారి నీటి తగవుల ప్రస్తావన ఉంది. కాలువలో పాలివాడికి లాటిన్‌లోనే 'పోటీదారు' అనే అర్థం కూడా వచ్చింది. 16వ శతాబ్దంలో ఆ మాట ఇంగ్లీషులో చేరింది. అయితే షేక్స్పియర్ 'హామ్లెట్' నాటకంలో ఒక కావలివాడు తన తోటి కావలివారిని 'రైవల్స్' అంటాడు. అక్కడ ఆ మాటకు శత్రువులని కాదు, పనిలో భాగస్వాములని అర్థం!

'రివర్' కూడా ఈ 'రీవుస్' నుంచే వచ్చిందనుకుంటున్నారా? కాదు. అది 'ఒడ్డు' అనే అర్థమిచ్చే 'రీపా' నుంచి వచ్చింది. పోలిక చూసి మోసపోకూడదు సుమా!

మన 'దాయాది' సంగతీ ఇంతే. వారసత్వపు ఆస్తిలో భాగం గలవాడని దాని అసలు అర్థం. నేడు పోటీ పడేవాడిని కూడా దాయాది అంటున్నాం.

పంచుకొనేవాళ్ళు పగవాళ్ళు కాక తప్పదా? తప్పుతుంది. చెరువు కింద ఏ మడికి ఎంతసేపు నీరు పారాలో చూడడానికి పూర్వం ఊళ్ళో నీరుగంటి ఉండేవాడు. ఆయన వంతు తప్పనిచ్చేవాడు కాదు. రాజ్యాల మధ్య కూడా ఇలాంటి కట్టుబాటే ఏర్పడింది. మద్రాసు ప్రభుత్వపు సమ్మతి లేనిదే పెన్న వంటి నదులపై మైసూరు సంస్థానం కొత్త జలాశయాలు కట్టరాదని 1892లో ఒప్పందం జరిగింది.

వంతు నిలిస్తే 'రైవల్' భాగస్వామి. వంతు తప్పితే ప్రత్యర్థి. ఈసారి వీధి కుళాయి దగ్గర బిందెల వరుసలో నిలబడినప్పుడు ఈ మాట గుర్తుచేసుకోండి!