తుంటి విరిగితే కట్టా, కడ్డీనా?

నేనుండే ష్వైన్‌ఫర్ట్ బాల్ బేరింగుల ఊరు. ఉక్కు గుండ్లను ఒకే కొలతకు అరగదీసే యంత్రాన్ని 1883లో ఫ్రీడ్రిష్ ఫిషర్ తయారుచేసింది ఇక్కడే. బరువు ఏ దారిన దిగుతోందన్నదే బేరింగుకైనా, తుంటికైనా అసలు ప్రశ్న.

తొడ ఎముక పైభాగం గోడకు దిగ్గొట్టిన బ్రాకెట్ లాంటిది. ఒంటి బరువు గుండ్రటి తల మీద పడి, ఏటవాలు మెడగుండా కిందికి దిగుతుంది. మెడ కింద లోపలి అంచు బాగుంటే విరిగిన ముక్కలు ఒకదానికొకటి ఆనుకుని నిలుస్తాయి. ఆ అంచు ముక్కలైనా, బయటి గోడ పగిలినా ఆసరా పోతుంది. డాక్టర్లు 'అన్‌స్టేబుల్' అనేది దీన్నే. అప్పుడు ఎముక బయట బిగించిన ప్లేటుకంటే మూలుగ గొట్టంలోకి దించిన కడ్డీ మేలు. బరువు దిగే దారికి అది దగ్గర, కాబట్టి దాన్ని వంచే బలం తక్కువ. తొడ ఎముకలోకి ఇలా కడ్డీ దించే పద్ధతిని 1939లో మొదలుపెట్టినవాడు కీల్ నగరపు సర్జన్ గెర్హార్డ్ క్యూంట్షర్. అయితే తలలోకి వెళ్ళే స్క్రూ సరైన చోట కూర్చోకపోతే, పెళుసెక్కిన ఎముకను చీల్చుకుని బయటికొస్తుంది. కడ్డీ ఖరీదుకంటే సర్జన్ అనుభవం గురించి అడగడం మంచిది.

మనవైపు ఎముక విరిగిందంటే ముందు పుత్తూరు కట్టు గుర్తొస్తుంది. చేతికైతే అది వేరే సంగతి. తుంటిని మాత్రం ఏ కట్టూ పట్టి ఉంచలేదు. నెలల తరబడి మంచాన పడితే పుండ్లు, న్యుమోనియా, కాళ్ళలో రక్తం గడ్డలు. జర్మనీలో 2021 నుంచి అమలైన నిబంధన ప్రకారం, వేరే వైద్య కారణం అడ్డురాకపోతే 24 గంటల్లోపు ఆపరేషన్ చెయ్యాలి. మన ఇళ్ళలోనేమో "అబ్బాయి విమానం దిగనీ" అని ఆపుతారు. ఆ ఫోను వస్తే, టిక్కెట్టు తర్వాత కొనండి. ముందు "నాకోసం ఆగొద్దు" అని చెప్పండి.