నాడి చెప్పే గడియారాన్ని నమ్మవచ్చునా?

తెల్లవారుజామున హైదరాబాదు నెక్లెస్ రోడ్డు మీదనో, విశాఖపట్నం బీచి రోడ్డు మీదనో ఓ అరగంట నిలబడి చూడండి. పరుగెత్తేవాళ్ళలో చాలామంది రెండు నిమిషాలకోసారి మణికట్టు వంక చూసుకుంటూ ఉంటారు. టైమెంతయిందో చూసుకుంటున్నారనుకునేరు! వాళ్ళు చూసుకునేది గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటున్నదో. ఆ అంకె పెరిగితే అడుగు నెమ్మదిస్తారు, తగ్గితే వేగం పెంచుతారు. ఆగస్టులో జరిగే హైదరాబాదు మారథానుకు తయారయ్యే గృహస్థుల దగ్గరనుంచి, సైకిలు తొక్కే కాలేజీ కుర్రాళ్ళ దాకా అందరిదీ అదే వరస.

ఇందులో తప్పేమీ లేదు. ఇరవై ఒక్క కిలోమీటర్లో, నలభై రెండో పరుగెత్తదలచినవాడు రోజూ రొప్పుతూ పరుగెత్తితే నెల తిరగకుండానే కాళ్ళు పట్టుకుని కూర్చుంటాడు. వారంలో ఎక్కువ రోజులు తేలికగా, ఒకటి రెండు రోజులు మాత్రం గట్టిగా పరుగెత్తాలి. దూరపు పరుగుకు దేహాన్ని అలవాటు చేసే పద్ధతి అది. తేలిక అంటే ఎంత తేలిక అన్నదానికి గుండె లెక్క మంచి కొలబద్ద. అయితే కొలబద్దే వంకరదైతే?

మా కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పే మిత్రుడొకాయన ఉన్నారు. వయస్సు 47. పిల్లలు పుట్టినరోజుకు ఖరీదైన వాచీ కొనిపెట్టారు. మొదటి వారంలోనే ఒకనాడు, నెమ్మదిగా పరుగెత్తుతూ ఉండగా, వాచీ 176 చూపించింది. 220లోంచి వయస్సు తీసివేస్తే గుండె వేగానికి గరిష్ఠం వస్తుందని ఆయన చదివి ఉన్నారు. ఆ లెక్కన ఆయనకు 173. గరిష్ఠం దాటిపోయింది, ఇంకేముందని ఇంటికి వచ్చి కూలబడ్డారు. ఆయన భార్య ఆ పూటే బూట్లు అటక ఎక్కించింది. డాక్టరుగారు ఇ.సి.జి. తీశారు, ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించారు, గుండె గుండ్రాయిలాగా ఉన్నదన్నారు. మరి ఆ 176 ఎక్కడిది? ఒకనాడు వాళ్ళబ్బాయి పక్కన సైకిలు మీద వస్తూ అడుగులు లెక్కపెట్టాడు. నిమిషానికి 176! వాచీ గుండెను వదిలేసి కాళ్ళను లెక్కపెడుతున్నదన్నమాట.

ఇది వింతేమీ కాదు. వాచీ అడుగున ఆకుపచ్చని దీపాలు మినుకుమినుకుమంటూ ఉంటాయి, చూసే ఉంటారు. రక్తం ఆకుపచ్చ వెలుతురును బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టినప్పుడల్లా చర్మంలోకి రక్తం పొంగుతుంది, తిరిగివచ్చే వెలుతురు ఆ మేరకు తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులను లెక్కపెట్టడమే వాచీ పని. కదలకుండా కూర్చున్నవాడి విషయంలో ఈ లెక్క చక్కగా కుదురుతుంది. కాని పరుగెత్తేవాడి చెయ్యి అడుగడుగుకూ ఊగుతుంది, దానితోపాటు చర్మం కింది రక్తమూ తొణుకుతుంది. రెండు తాళాలు ఒకేసారి వినిపిస్తూంటే యంత్రం ఏది గుండెదో ఏది కాలిదో పోల్చుకోవాలి. పట్టీ వదులుగా ఉంటే కాలి తాళానిదే పైచేయి అవుతుంది.

మన వైద్యులు చేసిందీ మణికట్టు దగ్గర నాడి చూడటమే గదా అంటారేమో. నిజమే, కాని వాళ్ళు లెక్కపెట్టినవారు కారు, నడక చూసినవారు. శార్ఙ్గధర సంహితలో వాతనాడి పాములాగా, జలగలాగా పోతుందనీ, పిత్తనాడి కాకిలాగా, కప్పలాగా గెంతుతుందనీ, కఫనాడి హంసలాగా, పావురంలాగా నడుస్తుందనీ చెప్పారు. నాడిని అంకెల్లోకి దింపాలంటే క్షణాలు చూపే గడియారం కావలసివచ్చింది. జాన్ ఫ్లోయర్ అనే ఇంగ్లీషు వైద్యుడు అందుకోసమే, ఒక్క నిమిషం నడిచి ఆగిపోయే గడియారం ఒకటి తయారుచేయించి, 1707లో దానిమీద గ్రంథం వ్రాశాడు.

రెండో దారి విద్యుత్తుది. గుండె ముడుచుకునే ప్రతిసారీ రవంత విద్యుత్తు పుడుతుంది, అది చర్మం దాకా వస్తుంది. దానిని పట్టి గీతగా గీయించినవాడు హాలండు దేశపు ఐంథోవన్, ఆయనకు 1924లో నోబెల్ బహుమానం వచ్చింది. ఆయన యంత్రం రెండు గదులు ఆక్రమించేది. పరీక్షకు వచ్చినవారు రెండు చేతులూ, ఒక కాలూ ఉప్పునీళ్ళ తొట్లలో పెట్టుకుని కూర్చోవలసివచ్చేది. అంతటి యంత్రాన్ని చివరకు రొమ్ముకు కట్టుకునే పట్టీలోకి కుదించినవారు ఫిన్లండువారు. ఔలు నగరంలో ఆచార్యుడైన సెప్పో సైనయకంగస్ 1977లో పోలార్ సంస్థ స్థాపించాడు. తీగలు లేకుండా రొమ్ము పట్టీనుంచి చేతి గడియారానికి గుండె లెక్క పంపే సాధనం 1982లో వచ్చింది. ఈనాటికీ దూరపు పరుగువాళ్ళు నమ్మేది ఈ పట్టీనే.

నమ్మడానికి ఆధారమూ ఉన్నది. అమెరికాలోని క్లీవ్‌లండ్ క్లినిక్ వైద్యులు 50 మంది ఆరోగ్యవంతులను ట్రెడ్‌మిల్ మీద నడిపించి, పరుగెత్తించి, ఇ.సి.జి.తో సరిపోల్చి 2017లో ఫలితాలు ప్రకటించారు. పూర్తిగా ఏకీభవిస్తే 1 అనుకుంటే, రొమ్ము పట్టీకి 0.99 వచ్చింది. వాచీల్లో మంచివాటికి 0.91, తక్కువవాటికి 0.83. ఆ తరువాత వాచీలు చాలా బాగుపడ్డాయి, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా చెయ్యి ఊగినంతకాలం చిక్కు పూర్తిగా పోదు.

మన చామనచాయ చేతుల మీద వెలుతురు పనిచేస్తుందా అని అడిగేవారున్నారు. 2020లో డ్యూక్ విశ్వవిద్యాలయంవారు ఇదే పరిశీలించారు. చర్మపు రంగు వల్ల చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు, కదలిక వల్ల మాత్రం కనపడింది. పచ్చబొట్టు సంగతి వేరు. ఆ సిరా వెలుతురును అడ్డుతుంది. అమ్మమ్మల కాలంనాటి పచ్చబొట్టయినా, ఇప్పటి కుర్రకారు పొడిపించుకునే బొమ్మలయినా ఒకటే. వాచీని రెండో చేతికి మార్చుకోవలసిందే.

ఇక ఏది కొనాలి? రోజూ ఓ గంట నడిచేవారికి చేతి వాచీ చాలు, ఇంకొకటి దండగ. నెమ్మదిగా, ఒకే వేగంతో పరుగెత్తేవారు కూడా దానితో సరిపెట్టుకోవచ్చు. కాని నాలుగు వందల మీటర్లు దౌడు తీసి, నిమిషం ఆగి, మళ్ళీ దౌడు తీసే అభ్యాసం చేసేవారికి రొమ్ము పట్టీయే శరణ్యం. అక్కడ గుండె వేగం క్షణాల్లో ఎక్కి క్షణాల్లో దిగుతుంది, మణికట్టు వాచీ ఆ వెనకనే ఈడ్చుకుంటూ వస్తుంది. మంచి పట్టీ ఖరీదు, గొప్ప వాచీ ఖరీదులో ఒక చిన్న భాగమే. రొమ్ము బిగింపు సహించనివారికి మధ్యేమార్గం ఒకటి ఉన్నది. దండకడియంలాగా చేతికి కట్టుకునే పట్టీలు వస్తున్నాయి. అవీ వెలుతురువే గాని, కండ దళసరిగా ఉన్నచోట అంటిపెట్టుకుంటాయి కనుక మణికట్టుకన్న నయం. ఏది కొన్నా, మీ దగ్గర ఉన్న వాచీతోనో ఫోనుతోనో కలుస్తుందా అని ముందే అడగండి. బ్లూటూత్, యాంట్ ప్లస్ అని రెండు భాషలున్నాయి, రెండూ వచ్చిన పట్టీ అయితే ఏ గొడవా ఉండదు. ఈతగాళ్ళకో మాట: ఈ రెండు రకాల తరంగాలూ నీళ్ళలో నాలుగడుగులైనా పోవు. లెక్కను తనలోనే దాచుకోగల పట్టీ చూసుకోవాలి.

కొన్న తరువాత పరీక్ష మీ వేళ్ళతోనే. తిరిగి ఇచ్చే గడువు దాటకముందే చేయండి. కుర్చీలో అయిదు నిమిషాలు ఊరికే కూర్చుని, బొటనవేలి వైపు మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి, అరనిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయండి. రెండు మూడు తేడా ఉంటే పట్టించుకోనక్కరలేదు. పది నిమిషాలు పరుగెత్తి, ఆగీ ఆగగానే పదిహేను క్షణాలు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. ఆలస్యం చేస్తే గుండె నెమ్మదించి లెక్క తప్పుతుంది. తరువాత మేడమెట్లు గబగబా ఎక్కండి. అంకె మీతోపాటు ఎక్కాలి. ఎక్కకుండా ఉండి, తరువాత ఒక్కసారి ఎగిరి గంతేసినా, మీ అడుగుల లెక్కతో అచ్చంగా కలిసినా దానిని అనుమానించవలసిందే. మా మిత్రుడు ఎవరిదో పట్టీ అడిగి తెచ్చి, అదే దారిన అదే వేగంతో పరుగెత్తారు. పట్టీ 138 చూపింది, వేళ్ళకు పావునిమిషంలో 34 దొరికాయి. అంటే 136. బూట్లు అటక దిగాయి.

ఆ 220 సూత్రం మాట కూడా చెప్పాలి. అది సగటు లెక్క. 2001లో తనాక అనే శాస్త్రజ్ఞుడూ ఆయన సహచరులూ దానిని సవరించి, వయస్సును 0.7తో హెచ్చించి 208లోంచి తీసివేయమన్నారు. అరవయ్యేళ్ళవారికి పాత లెక్కన 160, కొత్త లెక్కన 166. అదీ సగటే. మనిషికీ మనిషికీ పది, పన్నెండు తేడా మామూలు. అంచేత యంత్రం నిజం చెప్పినా, దానిని పోల్చే గీత మీది కాకపోవచ్చును. తేలిక పరుగుకు పాత గుర్తు ఒకటున్నది: పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. దీర్ఘసమాసాలు అక్కరలేదు లెండి! రక్తపోటుకు బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవారికి గుండె వేగం మందు వల్లనే తగ్గి ఉంటుంది, వాళ్ళకు ఈ సూత్రాలేవీ పనికిరావు. డాక్టరు చెప్పిన అంకె ఒక్కటే వాళ్ళకు ప్రమాణం. ఎవరికైనా సరే, రొమ్ములో నొప్పో, కళ్ళు తిరగడమో కనిపిస్తే వాచీ ఎంత చూపినా అక్కడికక్కడ ఆగి వైద్యుణ్ణి చూడవలసిందే.

పట్టీకీ దాని పేచీలు దానికున్నాయి. పొడిగా కట్టుకుంటే మొదటి పది నిమిషాలూ పిచ్చి అంకెలు చూపుతుంది. ఐంథోవన్ ఉప్పునీళ్ళ తొట్లు ఎందుకు పెట్టాడో గుర్తున్నది గదా! కట్టుకునే ముందు లోపలివైపు నీళ్ళతో తడపండి, ఆ తరువాత చెమటే ఆ పని చూసుకుంటుంది. గాలి పొడిగా ఉన్న రోజుల్లో నైలాను బనీను రాపిడికి కూడా అంకెలు ఎగురుతాయి. పరుగు అయిపోగానే ముందరి బిళ్ళ ఊడదీయండి. తడిపట్టీకి తగిలించి వదిలేస్తే అది ఇంకా మీ రొమ్ము మీదనే ఉన్నాననుకుని బ్యాటరీ తినేస్తుంది. పట్టీని మంచినీళ్ళలో జాడించి నీడన ఆరవేయాలి, చాకిరేవు బాదుడు పనికిరాదు. ఏడాదో రెండేళ్ళో వాడేసరికి అది సాగిపోతుంది. అప్పుడు బిళ్ళ పారేయనక్కరలేదు, పట్టీ ఒక్కటే విడిగా అమ్ముతారు. మీరు కొనే రకానికి అలా దొరుకుతుందో లేదో దుకాణంలోనే అడిగి మరీ కొనండి.