తొడ వెనక తాళ్లు

గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చోండి. పిర్రలు గోడను తాకాలి. ఇప్పుడు రెండు కాళ్లూ ముందుకు చాపండి, మోకాళ్లు నేల నుంచి లేవకూడదు. రోజంతా కుర్చీలో పనిచేసేవారిలో చాలామందికి ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. మోకాళ్లు వాటంతటవే పైకి లేస్తాయి, లేదంటే పిర్రలు ముందుకు జారి నడుం గూనిలా వంగుతుంది. మన అమ్మమ్మలు ఇలాగే కాళ్లు చాపుకుని, వాటి మీద పసిబిడ్డను పడుకోబెట్టి, నూనె రాసి, నలుగుపెట్టి, నీళ్లు పోసేవారు. ఆ పని అంతసేపూ వాళ్ల నడుం నిటారుగానే ఉండేది.

మోకాలి వెనక చెయ్యి పెట్టి చూడండి. రెండు పక్కలా తాళ్లలాంటివి తగులుతాయి. వీటి పైనున్న మూడు కండరాలనే హామ్‌స్ట్రింగ్స్ అంటారు. పాత ఇంగ్లీషులో హామ్ అంటే మోకాలి వెనక వంపు, స్ట్రింగ్ అంటే తాడు. కూర్చున్నప్పుడు కుర్చీకి ఒత్తుకునే గట్టి ఎముక దగ్గర ఇవి మొదలవుతాయి. తొడ వెనకగా దిగి, మోకాలు దాటాక కాలి ఎముకలను పట్టుకుంటాయి. ఒక చిన్న పాయ మాత్రం తొడ ఎముక నుంచే పుడుతుంది. మిగతావన్నీ తుంటినీ మోకాలినీ రెంటినీ దాటుతాయి కాబట్టి, కాలు చాపి ముందుకు వంగినప్పుడు రెండు వైపుల నుంచీ లాగుడు పడుతుంది.

కుర్చీలో కూర్చుంటే ఈ కండరాలు కురచైపోతాయని అందరూ అంటారు. నాకది సగం మాటగానే తోస్తుంది. కూర్చున్నప్పుడు తుంటి ముడుచుకుంటుంది కాబట్టి పైభాగంలో కండరం సాగుతుంది. మోకాలు ముడుచుకుంటుంది కాబట్టి కింద వదులవుతుంది. మొత్తం మీద అది నడిమి పొడవులోనే ఉండిపోతుంది. ఉదయం నుంచి రాత్రి దాకా ఒక్కసారైనా పూర్తి పొడవుకు వెళ్లదు. ఎప్పుడూ వెళ్లని చోటికి తీసుకెళ్తే నాడీవ్యవస్థ బెదురుతుంది, ఇక చాలు అంటుంది. మనకు తెలిసే బిగువులో పెద్ద వంతు ఈ బెదురే.

2010లో ‘ఫిజికల్ థెరపీ’ పత్రికలో వెప్లర్, మాగ్నుసన్ అనే ఇద్దరు పరిశోధకులు అంతకుముందు జరిగిన అధ్యయనాలను తిరగేసి చెప్పింది ఇదే. మూడు నుంచి ఎనిమిది వారాలు సాగదీత వ్యాయామం చేసినవారికి కాలు ఇంకాస్త పైకి లేచింది. అయితే చాలావరకు అది కండరం పొడవు పెరిగినందువల్ల కాదు, ఆ లాగుడును ఓర్చుకునే హద్దు జరిగినందువల్ల. ఇది తెలిస్తే వ్యాయామం చేసే తీరే మారుతుంది. బెదిరినదాన్ని ఈడ్చి లాభం లేదు, అలవాటు చేయాలి. పళ్లు బిగబట్టి, ఊగుతూ కాలి వేళ్లు అందుకోవాలని చూసేవారికి నేను వద్దు అని చెప్పేది అందుకే.

ఎంతసేపు చేయాలి? 1994లో బ్యాండీ, ఐరియన్ 15, 30, 60 సెకన్ల సాగదీతలను పోల్చి చూశారు. వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు. 15 సెకన్ల కంటే 30 మేలు చేసింది, 60 చేస్తే 30 కన్నా అదనంగా వచ్చిందేమీ లేదు. రోజుకు మూడుసార్లు చేసినా ఒక్కసారి చేసిన దానికంటే ఎక్కువ ఫలితం లేదని 1997లో బ్యాండీ బృందమే మళ్లీ చూపించింది. తీరిక లేదనేవారికి ఇంతకంటే మంచి కబురు ఉండదు.

తేలికైన పద్ధతి ఇది. గుమ్మం దగ్గర వెల్లకిలా పడుకుని ఒక కాలు గడప అవతలికి చాపండి, రెండో కాలి మడమను ద్వారబంధానికి ఆనించి పైకి ఉంచండి. మోకాలు కొద్దిగా వంగినా ఫరవాలేదు. తొడ మధ్యలో సాగుతున్నట్టు తెలియాలి, నొప్పి పుట్టకూడదు. ఊపిరి మామూలుగా తీస్తూ 30 సెకన్లు ఉండి కాలు మార్చండి. ఇలా పడుకుంటే నేల నడుమును పట్టి ఉంచుతుంది, వీపు వంచి మోసం చేసే వీలుండదు. ఆఫీసులోనైతే కుర్చీ అంచుకు జరిగి, ఒక కాలు చాపి మడమ నేలకు ఆనించి, ఛాతీ ఎత్తి తుంటి దగ్గర వంగండి.

సాగదీతతో ఆగిపోవద్దు. సాగుతూ బరువు మోయడం కండరానికి నేర్పాలి. 2004లో నెల్సన్, బ్యాండీ హైస్కూలు అబ్బాయిలతో ఆరు వారాలు చేసిన ప్రయోగంలో సాగుతూ బలం పెట్టే వ్యాయామం, మామూలు సాగదీత రెండూ సుమారు 12 డిగ్రీల మెరుగుదలే ఇచ్చాయి. మొదటిదానిలో సాగే గుణంతో పాటు బలం కూడా దక్కుతుంది. అలాంటి వ్యాయామం ఒకటి ఇది. నిలబడి ఒక కర్రను వీపు వెంట నిలువుగా పట్టుకోండి. అది తలకూ, వీపుకూ, నడుం కిందికీ తగులుతూ ఉండాలి. మోకాళ్లు కాస్త వదులు చేసి, పిర్రలు వెనక్కి నెడుతూ మెల్లగా వంగి లేవండి. పదిసార్లు చాలు. నిద్ర లేస్తూనే మాత్రం వద్దు. రాత్రంతా వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చి ఉబ్బి ఉంటాయి, ఆ వేళ నడుం వంచితే వాటిపై ఒత్తిడి ఎక్కువ.

ఇంకొక సంగతి. కాలు చాపి సాగదీస్తున్నప్పుడు గడ్డం ఛాతీకి ఆనించండి. లాగుడు పెరిగిందా? తొడ కండరానికి మెడతో ముడి లేదు, వెన్నుపాము నుంచి కాలి దాకా సాగే నరాలకు ఉంది. ఆరోగ్యవంతుల్లో కూడా ఈ నరాల లాగుడు కొంత ఉంటుంది, కాబట్టి కంగారు పడక్కర్లేదు, లాగుడు తగ్గించి చేస్తే సరి. నొప్పి మోకాలు దాటి పిక్కలోకో పాదంలోకో దిగుతున్నా, తిమ్మిరి పట్టినా, పాదం బలం తగ్గినా వ్యాయామం ఆపి వైద్యుణ్ని కలవండి. మూత్రం మీద అదుపు తప్పితే ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి.

ఈ రోజు గోడ దగ్గర కూర్చున్నప్పుడు మోకాళ్లు ఎంత లేచాయో కొలిచి, తేదీ, సమయం రాసి పెట్టుకోండి. పొద్దున్న ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది కాబట్టి, ఆరు వారాల తర్వాత అదే వేళకు, అదే గోడ దగ్గర మళ్లీ కూర్చుని చూడండి.