మత్తులో చేజారే లైసెన్స్

అనకాపల్లి జిల్లా నర్సీపట్నం మన్యానికి ముఖద్వారం కావడం వల్ల, శీతాకాలంలో లంబసింగి చూడబోయే పర్యాటకుల కార్లూ, చింతపల్లి వైపు ఏడాది పొడవునా తిరిగే జీపులూ, ఆటోలూ ఈ పట్టణం దాటే ఘాట్ రోడ్డెక్కుతాయి. అటువంటి దారిలో మద్యం తాగి బండి నడుపుతూ పట్టుబడితే ఏమవుతుందంటే అందరికీ తోచే సమాధానం పదివేల జరిమానాయే గానీ, చట్టం కొట్టే అసలు దెబ్బ లైసెన్స్ మీద పడుతుందన్న సంగతికి అంత ప్రచారం లేదు.

మోటారు వాహనాల చట్టం (1988) 185వ సెక్షన్ ప్రకారం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉన్నట్టు బ్రీత్ ఎనలైజర్, అంటే ఊదిన శ్వాసను బట్టి మద్యం పాళ్లను లెక్కగట్టే పరికరం, చూపితే అది నేరం. 2019 సవరణ తరువాత మొదటిసారి ఆరు నెలల వరకు జైలు గానీ, రూ.10,000 జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. మళ్లీ దొరికితే జైలు రెండేళ్ల దాకా, జరిమానా రూ.15,000కు పెరుగుతాయి. హెల్మెట్ కేసులా చలానా కట్టి ముగించుకొనే వెసులుబాటు ఈ నేరానికి లేదు కనుక కోర్టు మెట్లెక్కక తప్పదు.

లైసెన్స్‌కు ముప్పు రెండు వైపుల నుంచి వస్తుంది. నేరం రుజువైతే, లైసెన్స్ కలిగి ఉండే అర్హతను కనీసం ఆరు నెలలు తొలగించాలని 20వ సెక్షన్ న్యాయస్థానాన్ని ఆదేశిస్తుంది. ఈలోగా పోలీసులు స్వాధీనం చేసుకొని పంపిన లైసెన్స్‌పై రవాణా శాఖ అధికారి, డ్రైవరు వాదన విన్న తరువాత, 19వ సెక్షన్ కింద మొదటి తప్పుకు మూడు నెలల అనర్హత విధించవచ్చు, మలి తప్పుకు లైసెన్స్‌నే రద్దు చేయవచ్చు. గడువు తీరినా, డ్రైవింగ్‌పై పునశ్చరణ శిక్షణ పూర్తి చేస్తేనే లైసెన్స్ తిరిగి చేతికొస్తుంది. ఇంగ్లండులో మద్యం పరిమితి 80 మిల్లీగ్రాములు, అంటే మన చట్టం కంటే ఉదారమే. కానీ నేరం రుజువైతే అక్కడ సాధారణంగా కనీసం ఏడాది పాటు బండి నడపరాదు. కొలతలో కఠినంగా ఉన్న మన చట్టం లైసెన్స్ దగ్గరకు వచ్చేసరికి కొంత మెత్తబడిందనే చెప్పాలి.

ఆ మెత్తదనం కూడా అందరికీ ఒకటి కాదు. పర్యాటకుడు ఆ ఆరు నెలలూ కారును మరొకరి చేతిలో పెట్టి వెనుక సీట్లో కూర్చుంటాడు గానీ, జీపు మీదనో ఆటో మీదనో బతికే డ్రైవరుకు అవి కూలి లేని ఆరు నెలలు. పోనీ దొంగచాటుగా నడుపుదామనుకుంటే, అనర్హత కాలంలో బండి నడపడం 182వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలుకో, రూ.10,000 జరిమానాకో దారితీసే మరో నేరం.

అధికారి ఉత్తర్వు అన్యాయమనుకున్నవారు అది అందిన 30 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు. ఒక్క విషయం మాత్రం డ్రైవర్లు గుర్తుంచుకోవాలి: లైసెన్స్ తీసుకున్నప్పుడు పోలీసులు ఇచ్చేది రసీదు మాత్రమే, లైసెన్స్ తిరిగి వచ్చేదాకా దాన్ని చూపించి బండి నడపడానికి చట్టం ఒప్పుకోదు.