ఢిల్లీ – శాన్‌ఫ్రాన్సిస్కో: దూరం పెరిగినా కాలం తగ్గింది!

పై చదువులకు అమెరికా వెళ్ళబోయే విద్యార్థులు నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. "భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది గదా మాస్టారూ! విమానం పడమరగా పోతే ఊరే ఎదురొచ్చి ప్రయాణం తగ్గాలి గదా?" వినడానికి సబబుగానే ఉంది. కాని జరిగేది దీనికి తలకిందులు.

ముందు దూరం సంగతి చూద్దాం. గోడకు వేలాడే పటం మీద స్కేలు పెడితే నిజమైన దూరం తేలదు. గ్లోబు మీద ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఒక దారం బిగించి పట్టండి. అది సైబీరియా, ఆర్కిటిక్ సముద్రం, అలాస్కాల మీదుగా పోతుంది. అదే అతి దగ్గరి దారి. సుమారు 12,400 కి.మీ.

విమానం మాత్రం దారం వెంట పోదు. 2015 డిసెంబరులో ఎయిర్ ఇండియా ఈ నగరాల మధ్య ఎక్కడా ఆగని సర్వీసు మొదలుపెట్టినప్పుడు, అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కి.మీ. వెళ్ళేది. 2016 అక్టోబరులో ఒకనాడు తూర్పుగా, పసిఫిక్ మీదుగా పంపారు. దూరం 15,300 కి.మీ. అయింది. అయినా 14½ గంటల్లో చేరింది; పాత దారి కంటే సుమారు రెండు గంటలు ముందుగా!

ఈ మాయ గాలిది. విమానాలు ఎగిరే ఎత్తున, అంటే 9 నుంచి 12 కి.మీ. పైన, పడమర నుంచి తూర్పుకు జెట్ ప్రవాహాలనే బలమైన గాలులు వీస్తాయి. తూర్పుగా పోయే విమానాన్ని అవి తోస్తాయి; పడమరగా పోయేదాన్ని అడ్డుకుంటాయి.

మరి భూభ్రమణం మాటేమిటి? ఢిల్లీ వద్ద నేల గంటకు సుమారు 1,460 కి.మీ. వేగంతో తిరుగుతోంది. గాలి, అందులోని విమానం కూడా దానితోపాటే తిరుగుతున్నాయి. పరుగెత్తే రైల్లో పైకెగరేసిన బంతి మళ్ళీ మన చేతిలోనే పడినట్లే ఇదీను. అయితే జెట్ ప్రవాహాలు తూర్పుకు మళ్ళడానికి ఆ భ్రమణమే ఒక కారణం.

పోయేటప్పుడు కలిసొచ్చిన గాలి వచ్చేటప్పుడు అడ్డుపడితే లెక్క సరిపోతుందా? సరిపోదు. 900 కి.మీ. వేగంగల విమానానికి 9,000 కి.మీ. దూరం ఉందనుకుందాం. గాలి లేకుంటే రానూపోనూ 20 గంటలు. 100 కి.మీ. గాలి ఉంటే పోవడానికి 9 గంటలు, రావడానికి 11¼. మొత్తం 20¼ గంటలు! అడ్డుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కనుక నష్టమే మిగులుతుంది.

గాలే కాదు, రాజకీయాలూ దారి మళ్ళిస్తాయి. 2022లో రష్యా తన గగనతలాన్ని యూరప్ విమానాలకు మూసివేయడంతో, తొమ్మిదిన్నర గంటల హెల్సింకీ–టోక్యో ప్రయాణం దాదాపు 13 గంటలైంది.

ఇక గడియారం. శాన్‌ఫ్రాన్సిస్కో సమయం మనకంటే వేసవిలో 12½ గంటలు, చలికాలంలో 13½ గంటలు వెనక. వేసవిలో ఢిల్లీలో ఉదయం 4 గంటలకు బయలుదేరి 14½ గంటలు ప్రయాణించినా, అక్కడ అదే తేదీ ఉదయం 6 గంటలే అవుతుంది. టికెట్టు చూసి "రెండు గంటల్లో ఎలా చేరతాడు?" అని ఇంట్లో పెద్దవాళ్ళు కంగారుపడితే, ఈ తేడా కలిపి లెక్క చెప్పండి. ఫోను కోసం ఎప్పుడు ఎదురుచూడాలో వాళ్ళకు తెలుస్తుంది.