క్వాంటం కంప్యూటర్లు: రహస్యముల ఆయుర్దాయము

క్వాంటం కంప్యూటరును గూర్చి మన పత్రికలలో వెలువడు వార్తలు తఱచుగా దాని వేగమును కీర్తించుటతోనే ముగియుచున్నవి. సామాన్యుని జీవితమును అది మొట్టమొదట స్పృశింపబోవునది మాత్రము, నా యభిప్రాయమున, అతడు నేడు భద్రమని నమ్మి దాచుకొన్న రహస్యముల విషయముననే. ఫోనుద్వారా బ్యాంకు ఖాతానుండి సొమ్ము పంపునపుడును, వైద్యపరీక్షల రిపోర్టును తెప్పించుకొనునపుడును, పన్నుల లెక్కలను ఆన్‌లైన్‌లో సమర్పించునపుడును, మన కంటికి గోచరింపని గణితము మనకు కావలి కాయుచున్నది.

ఆ గణితములో ప్రసిద్ధమైనది 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అను మువ్వురు రూపొందించిన ఆర్ఎస్ఏ పద్ధతి. 101ని 103చే గుణించి 10403 అని చెప్పుట బడిపిల్లవానికిని సులభమే. 10403ను మాత్రమే చేతికిచ్చి, ఇది ఏ రెండు ప్రధాన సంఖ్యల లబ్ధమో చెప్పుమన్నచో పెద్దలును కొంత శ్రమపడవలెను. అంకెలు పెరిగినకొలది ఆ శ్రమ దుస్సాధ్యమగును. 2020లో పరిశోధకులు 250 అంకెల సంఖ్య నొకదానిని విడదీయగా, అందులకైన గణనము ఒక్క ప్రాసెసర్ కోరుకు సుమారు 2700 సంవత్సరముల పని యని తేలినది. నేడు విరివిగా వాడుకలో నున్నవి 617 అంకెల సంఖ్యలు. ఆర్ఎస్ఏ తాళముల బలమంతయు ఈ దుస్సాధ్యతయే.

1994లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో పనిచేయుచుండిన పీటర్ షోర్, క్వాంటం కంప్యూటరు నిర్మింపబడినచో ఈ దుస్సాధ్యత నిలువదని నిరూపించెను. సాధారణ కంప్యూటరులోని బిట్ సున్నయో ఒకటియో అయి యుండును. క్వాంటం కంప్యూటరులోని క్యూబిట్ ఆ రెంటి సమ్మిశ్రస్థితిలో ఉండగలదు. ఇంతమాత్రము విని, క్వాంటం యంత్రము సమస్త ప్రత్యుత్తరములను ఒక్కమాఱుగా పరీక్షించి సరియైనదానిని ఏరుకొనునని పలువురు భావింతురు, అది పొరపాటు. కొలిచినంతనే చేతికి దక్కునది ఒక్క ఫలితమే, అదియు యాదృచ్ఛికముగా. షోర్ ఆ విభజన సమస్యను, ఒక సంఖ్యాశ్రేణి ఎన్ని పదముల కొకసారి పునరావృత్తమగునో కనుగొను సమస్యగా మార్చి, తప్పు సమాధానములకు దారితీయు తరంగములు వ్యతికరణముచే పరస్పరము హరించుకొని పోవునట్లును, సరియైన సమాధానపు సంభావ్యత బలపడునట్లును గణనమును కూర్చెను. ఆతని ప్రతిభ యంతయు ఆ కూర్పులోనే యున్నది.

అట్టి యంత్రము నేడున్నదా? లేదు. గూగుల్ సంస్థ 2019లో 53 క్యూబిట్లతోను, 2024 డిసెంబరులో 105 క్యూబిట్లతోను చేసిన ప్రయోగములను ప్రకటించినది. రెండవదానిలో, దోషములను సవరించు ఏర్పాటును విస్తరించినకొలది దోషములు తగ్గుటయే నిజమైన విశేషము. ఆర్ఎస్ఏను ఛేదించుటకు రెండుకోట్ల క్యూబిట్లు, ఎనిమిది గంటలు కావలెనని 2019లో అంచనా వేసిన పరిశోధకులలో ఒకరే, 2025లో పదిలక్షల లోపు క్యూబిట్లతో వారము లోపల ఆ పని సాధ్యమని లెక్కకట్టినారు. యంత్రపు నాణ్యతను గూర్చిన ఊహలలో పెద్ద మార్పేమియు లేకయే, గణన, దోషసవరణ పద్ధతుల సంస్కరణము వలననే అంచనా ఇంతగా తగ్గినది. కావుననే ఫలానా సంవత్సరమువరకు భయము లేదని ఎవ్వరును హామీ యియ్యజాలరు.

కెనడాకు చెందిన శాస్త్రజ్ఞుడు మోస్కా ఈ విషయమున మూడు కాలములను విచారింపుమనెను: రహస్యము ఎన్నేండ్లు రహస్యముగా నుండవలెను, రక్షణపద్ధతిని మార్చుటకు ఎన్నేండ్లు పట్టును, యంత్రము ఎన్నేండ్లలో రాగలదు? మొదటి రెండును కలిసి మూడవదానిని మించినచో, అపాయము ఈనాడే ఆరంభమైనట్లు. శత్రువు మన గుప్తసందేశములను నేడు గ్రహించి నిలువచేసికొని, యంత్రము సిద్ధమైననాడు విప్పుకొనవచ్చును. నిమిషములలో కాలముచెల్లు ఓటీపీకి దీనివలన హాని లేదు. హెచ్ఐవీ పరీక్షాఫలితమునకును, దత్తత పత్రములకును, దేశరక్షణ వ్యవహారములకును గలదు.

ప్రతిక్రియ లేకపోలేదు. అమెరికా ప్రమాణసంస్థ నిస్ట్ 2016లో ప్రారంభించిన అన్వేషణ ఫలితముగా, క్వాంటం యంత్రమునకు లొంగవని విశ్వసింపబడుచున్న మూడు నూతన ప్రమాణములు 2024 ఆగస్టులో వెలువడినవి. అయినను ఇందు తొందరపాటు తగదు. ఆ పరీక్షలలో చాలదూరము నెగ్గుకొనివచ్చిన సైక్ అను పద్ధతిని 2022లో బెల్జియం పరిశోధకు లిద్దఱు సాధారణ కంప్యూటరుతోనే సుమారు గంటలో ఛేదించిరి. క్వాంటం యంత్రపు అవసరమే కలుగలేదు. అందుచేత పాతపద్ధతిని, క్రొత్తపద్ధతిని జంటగా వాడుట నేటికి వివేకమని తోచుచున్నది. సిగ్నల్ 2023లోను, ఆపిల్ 2024లోను తమ సందేశసేవలను ఇట్లే మార్చుకొన్నవి. ధనవంతములైన సంస్థలకు ఇది సాధ్యమే. ఏ సాఫ్ట్‌వేరులో ఏ పద్ధతి యిమిడియున్నదో తెలియని చిన్న సహకార బ్యాంకును, జిల్లా ఆసుపత్రిని తలచుకొన్నప్పుడే నాకు దిగులు కలుగుచున్నది.

ఈ యంత్రమువలన మేలును కలదు. ప్రకృతి క్వాంటం నియమములను అనుసరించుచున్నది గనుక దానిని అనుకరించు యంత్రమును అట్టిదే కావలెనని భౌతికశాస్త్రజ్ఞుడు ఫైన్‌మన్ 1981లోనే సూచించెను. అమోనియాను తయారుచేయుటకు ఎరువుల కర్మాగారములు గొప్ప ఉష్ణోగ్రతను, పీడనమును ప్రయోగించుచుండగా, మన చేలలోని కంది, మినుము, వేరుసెనగ మొక్కల వేళ్లబుడిపెలలో వసించు సూక్ష్మజీవులు సాధారణ ఉష్ణోగ్రతయందే ఆ పని నెరవేర్చుచున్నవి. వానికి తోడ్పడు ఎంజైము నడిబొడ్డున నున్న లోహపరమాణువుల నడవడిని పూర్తిగా గణించుట నేటి కంప్యూటర్లకు శక్యము కాలేదు. ఆ మర్మము తెలియుట, వ్యవసాయ ప్రధానమైన మన దేశమునకు, ఎంతటి ప్రయోజనమో చెప్పనక్కఱలేదు. స్టాక్ మార్కెట్టు లాభములను గూర్చియు, ట్రాఫిక్ నియంత్రణను గూర్చియు వ్యాపారులు చేయు వాగ్దానములకు అంతటి ఆధారము నాకు కనబడలేదు.

భారత ప్రభుత్వము 2023 ఏప్రిలులో 6003.65 కోట్ల రూపాయలతో జాతీయ క్వాంటం మిషనును ఆమోదించినది. అమరావతిలో 156 క్యూబిట్ల యంత్రమును నెలకొల్పెదమని 2025 మేలో ఐబీఎం, టీసీఎస్ సంస్థలును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమును ప్రకటించినవి. మన యువకులకు ఇది సంతోషదాయకమైన అవకాశము. ఆ ఉత్సాహముతోడనే, తెలుగు రాష్ట్రములు రెండును తమ శాఖలలో ఏ వివరము ఏ పద్ధతిచే రక్షింపబడుచున్నదో, అది ఎన్నేండ్లు గోప్యముగా నుండవలసినదో పట్టికలు వ్రాయింపవలెననియు, పౌరుల వైద్యవివరములను, భూమి దస్తావేజులపై అట్టి గణితముననే నిలిచిన డిజిటల్ సంతకములను ముందుగా క్రొత్త ప్రమాణములకు మార్పింపవలెననియు కోరుచున్నాను.